పిడుగు పడిన గురువారం

అక్టోబరు 11, శుక్రవారం

గ్రంథాలయంలో కంప్యూటర్ ఈ రోజు తెరుచుకోవడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. గడియారం చూసి మరీ లెక్కపెట్టాను. ఈలోగా రెండు బీరువాలు దులిపాను, పత్రికలు బల్ల మీద సర్దాను, పక్క కొట్టు నుంచి నల్ల టీ తెప్పించుకుని తాగేశాను. అప్పటికీ తెర మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు. పన్నెండేళ్ళ ముసలి మిషను. ఇరవై ఆరున తనిఖీకి వస్తారు. పుస్తకాల జాబితా అంతా దాని మీదే చూపించాలి. చూపించలేకపోతే మా గ్రంథాలయాన్ని ఒక మెట్టు దించేస్తారు. కొత్తది కొందామంటే కార్యదర్శి భరతన్ వర్షం గురించి మాట్లాడతాడు.

నన్ను చేచీ అని అక్క వరసలో పిలిచే షైనీ టీచర్ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. వాళ్ళ బళ్ళో ఇంతకంటే పాత మిషన్లు కూడా నడుస్తున్నాయట. "పాతదంతా తుడిచిపారేసి కొత్త సిస్టమ్ ఎక్కించు చేచీ, పరుగులు పెడుతుంది. కానీ ముందు కావలసినవన్నీ వేరేచోట దాచుకో. దాచాక తెరిచి చూసుకో" అంది. అలాగే అన్నాను.

రోజూ ఆ మిషను మీద తన రాతలు టైపు చేసుకునే పెద్దాయన నాణువేట్టన్ ఈ రోజు కన్నూరు కంటి ఆసుపత్రిలో చేరాడు. రెండు వారాలు దుమ్ములోకి రాకూడదట. నిన్న సాయంత్రం నేను వెళ్తుంటే టైపు చేస్తూనే తలెత్తి, "నేనొచ్చాక తుడుద్దువుగాని ప్రసీతా. పక్కన కూర్చుంటా. నావి అన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు. దానికీ అలాగే అన్నాను.

నిన్న నేను ఇంటికి చేరాక పెద్ద పిడుగు పడింది. మా వీధిలో మూడు టీవీలు పోయాయట.


అక్టోబరు 13, ఆదివారం

అయిపోయింది! నేనే చేశాను, ఎవరి సాయమూ లేకుండా.

ఆదివారం కాబట్టి గ్రంథాలయంలో ఎవరూ ఉండరు. పదింటికే వెళ్ళాను. పుస్తకాల జాబితా పెన్‌డ్రైవ్‌లో దాచాను. సభ్యుల వివరాలు దాచాను. తర్వాత నాణువేట్టన్‌ది, తెర మీద 'మనవాళ్ళు' అని పేరు పెట్టుకున్నది. బీడీలు చుట్టిన నలభై ఒక్కమంది దగ్గర కూర్చుని అడిగి రాసుకున్న సంగతులు. ఆరేళ్ళ నుంచి రెండు వేళ్ళతో టైపు చేస్తూ, దిద్దుకుంటూ ఉన్నాడు. అంత పనీ రెప్పపాటులో ఎక్కేసింది. నవ్వొచ్చింది కూడా. రాతలే కదా, వాటికేం బరువు అనుకున్నాను.

షైనీ ఇచ్చిన దాంట్లో తుడవడానికి రెండు రకాలు ఉన్నాయి. పైపైన తుడిచేది, డిస్కు మొత్తం సున్నాలు రాసి తుడిచేది. ఈ మిషనులో వైరస్ ఎన్నిసార్లు తీసినా మళ్ళీ వస్తోంది కదా, రెండోదే ఎంచుకున్నాను. 'ఇందులో ఉన్నదంతా పోతుంది, సమ్మతమేనా' అని అడిగింది. ఆ ప్రశ్నకి ఎదురుగా కాసేపు కూర్చున్నాను, డబ్బాలో తెచ్చుకున్న పుట్టు, శనగల కూర తింటూ. చెయ్యి కడుక్కుని వచ్చి నొక్కాను.

పదకొండు నుంచి నాలుగు దాకా తుడిచింది. తర్వాత కొత్తది ఎక్కింది. ఇప్పుడు నలభై సెకన్లలో తెరుచుకుంటోంది. నాలుగుసార్లు ఆపి తెరిచాను, ఊరికే.

ఇంటికొచ్చి మా ఆయన రాజీవన్‌కి చెప్తే, "మా బస్సుని కూడా అలా తుడిచిపెట్టు. పయ్యన్నూరు ఎత్తు ఎక్కలేక చస్తోంది" అన్నాడు.


అక్టోబరు 14, సోమవారం

నలభై సెకన్లు. భరతన్ వచ్చి చూసి, "చూశావా, కొత్తది ఎందుకన్నాను నేను" అన్నాడు. తనే చేసినట్టు.


అక్టోబరు 17, గురువారం

నాణువేట్టన్ వచ్చేసరికి ఆయనది మళ్ళీ తెర మీద అదే చోట, పై వరసలో కుడిపక్క ఉండాలని పెన్‌డ్రైవ్ పెట్టాను. జాబితా ఉంది. సభ్యుల వివరాలు ఉన్నాయి. 'మనవాళ్ళు' ఉంది. నొక్కితే తెరుచుకోవడం లేదు. పక్కన చిన్న బాణం గుర్తు.

షైనీకి ఫోన్ చేశాను. బాణం గుర్తు అనగానే ఆమె గొంతు మారింది.

"అది షార్ట్‌కట్ చేచీ. అసలుది లోపలెక్కడో ఉంటుంది. ఇది దానికి దారి. ఇంటి గుమ్మానికున్న పేరు పలక పీక్కొచ్చి ఇల్లు తెచ్చాననుకున్నావు నువ్వు."

"అసలుది ఎలా తెచ్చుకోవాలి?"

"ఏ రకంగా తుడిచావు? పైపైననా, సున్నాలా?"

"సున్నాలు."

అటువైపు ఆమె కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "తెరిచి చూసుకోమన్నానుగా" అంది.

ఎవరికీ చెప్పకు షైనీ అన్నాను. "నేనెందుకు చెప్తాను? నువ్వే కదా చెప్పాలి" అంది.


అక్టోబరు 18, శుక్రవారం

మళ్ళీ పెట్టి చూశాను. బాణమే.


అక్టోబరు 19, శనివారం

నేను అబద్ధం చెప్పలేదు. అది ముందు రాసుకోవాలి.

భరతన్ వచ్చాడు. నా ముఖం చూసి ఏమైందన్నాడు. నాణువేట్టన్ రాసినవి పోయాయి అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. "అయ్యో, ఆ గురువారం పిడుగు! మా బావమరిది ఇంట్లో ఫ్రిజ్ కూడా మాడిపోయింది. డిస్కుకి దెబ్బ తగిలుంటుంది" అని ఆయనే అన్నాడు. ఆయనే. నేను తల ఊపాను. ఊపానో, ఊరికే వంచానో కూడా గుర్తు లేదు. అంతలోనే ఆయన బయటికెళ్ళి పత్రికలు చదివే నలుగురికీ చెప్పేశాడు. "పిడుగుకి ఎవరేం చేస్తారు" అని వాళ్ళన్నారు. ఒకాయన నా వైపు జాలిగా చూశాడు.

శుక్రవారం నాడు మిషను పనిచేసిన సంగతి ఎవరికీ తెలియదు. నేనొక్కదాన్నే తెరిచాను. పద్దెనిమిది నిమిషాలు.

ఒకటి మాత్రం అనుకోక తప్పదు. నాణువేట్టన్ ఆ నోటు పుస్తకాలు ఉంచుకుని ఉంటే ఇంత అయ్యేది కాదు. చేతిరాత ఉంటే మళ్ళీ టైపు చేసుకునేవాళ్ళం. ఎవరు పారేయమన్నారు ఆయన్ని?


అక్టోబరు 24, గురువారం

వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, ఎండ లేకపోయినా గొడుగు. వెనకాల కూతురు విలాసిని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంటూ మెట్లెక్కాడు. నాకోసం ఆసుపత్రి దగ్గర కొన్న అరటికాయ చిప్స్ పొట్లం తెచ్చాడు.

"ఏదీ, నీ నలభై సెకన్లు చూపించు. భరతన్ ఫోన్‌లో ఒకటే గొప్పలు."

చూపించాను. బాగుందన్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ముఖం తెరకి ఆనించి, పై వరసలో కుడిపక్క వెతుక్కున్నాడు.

"నాది ఏదమ్మా? కన్ను ఇంకా సరిగ్గా ఆనడం లేదు."

భరతన్ ఫోన్‌లో గొప్పలు చెప్పాడు కానీ ఆ మాట మాత్రం చెప్పలేదు. నాకు వదిలేశాడు.

"పిడుగు పడింది నాణువేట్టా" అన్నాను. ఈసారి నేనే అన్నాను. నా నోటితోనే. "డిస్కుకి తగిలింది. మీవి పోయాయి. మిగతావి వేరేచోట ఉన్నాయి కాబట్టి..."

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకోకూడదని గుర్తొచ్చి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏ రోజు పిడుగు?"

"గురువారం. మీరు ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు."

"ఆ రోజు ఆఖరున తాళం వేసింది నేనే కదా?"

గోడ మీద నేను అంటించిన కాగితం వైపు చూశాడు. 'ఆఖరున వెళ్ళేవారు ప్లగ్గు పీకి వెళ్ళవలెను.' ఆ అక్షరాలు ఆయనకి కనిపించి ఉండవు. ఏముందో తెలుసు.

"ప్లగ్గు పీకానా నేను?"

అడిగింది నన్నే. జవాబు నా దగ్గర ఉంది. శుక్రవారం నేను వచ్చినప్పుడు తీగ చుట్ట చుట్టి బల్ల మీద పెట్టి ఉంది, ఆయన ఎప్పుడూ పెట్టినట్టే. నేనే మళ్ళీ గుచ్చాను.

"పీకే ఉంటారులెండి" అన్నాను.

"ఉంటారు అంటే?"

నేను చిప్స్ పొట్లం విప్పాను. "ఆపరేషన్ కంగారులో ఉన్నాను. పీకలేదేమో" అని ఆయన తనలో తను అనుకున్నాడు. విలాసిని, "పోనీలే నాన్నా, పద" అంది.

చిప్స్ తిన్నాను. మొత్తం పొట్లం.


అక్టోబరు 26, శనివారం

తనిఖీ అయింది. మెట్టు దించలేదు. ఇంత పాత మిషనుని ఇంత బాగా నిలబెట్టిన గ్రంథాలయాధికారికి అభినందనలు అని పుస్తకంలో రాసి వెళ్ళారు. నా పేరు కూడా రాశారు.


నవంబరు 2, శనివారం

నాణువేట్టన్ తన తాళంచెవి భరతన్ బల్ల మీద పెట్టి వెళ్ళాడట. ముప్ఫై ఏళ్ళుగా ఆయన దగ్గరున్న చెవి. "తాళం వేసే బాధ్యత నాకిక వద్దు" అన్నాడట. ఆదివారాలు నడవలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పత్రిక చదివి వినిపించేవాడు. అదీ మానేశాడు. బీడీ కంపెనీలో పాతికేళ్ళు చేసిన పని అది. మిగతావాళ్ళు ఆయన వంతు బీడీలు కూడా చుట్టి పెడుతుంటే ఆయన మధ్యలో కూర్చుని పైకి చదివేవాడు.

నోటు పుస్తకాల సంగతి. పారేయమన్నది నేనే.

రెండేళ్ళ క్రితం. పద్నాలుగు పుస్తకాలు, తాడు కట్టి బీరువా కింద పెట్టుకునేవాడు. ఒకదానికి చెదలు పట్టాయి. "కంప్యూటర్‌లోకి ఎక్కేశాక ఇవెందుకు నాణువేట్టా? దాంట్లో ఉన్నది ఎప్పటికీ పోదు. ఇవుంటే నా మిగతా పుస్తకాలకీ చెదలు పట్టిస్తాయి" అన్నాను. ఆయన సరే అనడానికి వారం పట్టింది. పాత కాగితాలవాడికి నేనే తూకం వేయించాను. పద్నాలుగో పుస్తకం తూకంలోకి వెళ్తుంటే ఆయన దాన్ని ఒక్కసారి తీసి, నాలుగు పేజీలు తిప్పి, మళ్ళీ పెట్టాడు.

పందొమ్మిదో తేదీన రాసినది చదివాను. 'ఎవరు పారేయమన్నారు ఆయన్ని.' ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికోసం అలా రాశాను?


నవంబరు 6, బుధవారం

విలాసిని ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడి మాట్లాడింది.

"ప్రసీతా, మా నాన్న గ్రంథాలయంలో కూడా మరిచిపోతుండేవాడా? నిజం చెప్పు."

"లేదే."

"ఇంట్లో చూడలేకపోతున్నాను. గ్యాస్ కట్టేశానా అని పదిసార్లు లేచి వెళ్తాడు. అన్నం ముందు కూర్చుని మళ్ళీ లేచి మోటారు స్విచ్చు చూసొస్తాడు. నిన్న చూస్తే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకి వరసగా పెట్టాడు, ఫ్రిజ్‌తో సహా. మత్తి చేపలన్నీ పాడయ్యాయి. అరిస్తే, 'నామీద నాకు నమ్మకం లేదమ్మా' అన్నాడు. నాన్న నోట అలాంటి మాట ఎప్పుడైనా విన్నావా నువ్వు?"

వినలేదు.

"సోమవారం తలశ్శేరి తీసుకెళ్తున్నాను. మతిమరుపు డాక్టరు. ఈ వయసులో మొదలవుతుందట కదా."

టీ తాగి వెళ్ళమన్నాను. "వద్దు, వచ్చేటప్పుడు నేను కూడా పొయ్యి కట్టేశానో లేదో మళ్ళీ లోపలికి వెళ్ళి చూసొచ్చాను" అంటూ విలాసిని తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె వెళ్ళాక రాజీవన్, "ఇంకా వాకిట్లోనే నిలబడ్డావేం?" అన్నాడు. జ్వరం వచ్చేట్టుంది అన్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "ఏం లేదే" అన్నాడు.


నవంబరు 9, శనివారం

డిస్కు ఊడదీసి, చీరలో చుట్టి సంచిలో పెట్టుకుని కోళిక్కోడ్ వెళ్ళాను. పోయినవి తిరిగి తీసే కొట్టు ఉందని షైనీ చెప్పింది. రాజీవన్‌తో అక్క దగ్గరికి అన్నాను. ఇప్పుడు ఇదొకటి.

రైల్లో కూర్చున్నంతసేపూ మొక్కులన్నీ మొక్కాను. సగమైనా చాలు, పది పేర్లయినా చాలు అనుకున్నాను.

కొట్లో అతను నా వయసువాడే, మెడలో భూతద్దం వేలాడుతోంది. ఏమైందన్నాడు. పిడుగు అన్నాను. అతనికి చెప్పడానికి కూడా నాకు అదే వచ్చింది. డిస్కు తగిలించి గంటసేపు చూశాడు. నేను అతని ముఖం చూస్తూ కూర్చున్నాను.

"కొత్తగా ఎక్కించింది కాక మిగతాదంతా సున్నాలే ఉన్నాయి చేచీ. మొదటి నుంచి చివరిదాకా. పిడుగు పడితే మాడుతుంది, పగులుతుంది, అక్కడక్కడ మిగులుతుంది. పిడుగు ఇంత శుభ్రంగా తుడవదు. ఇది ఎవరో కూర్చుని తీరిగ్గా తుడిచింది."

నేను ఖాళీ సంచిని మడత పెట్టాను.

"మీరేనా?"

తల ఊపాను. ఈసారి ఊపానని గుర్తుంది.

అతను తీసుకోవలసిన డబ్బు తీసుకోలేదు. డిస్కుని మళ్ళీ నా చీరలో తనే చుట్టి ఇచ్చాడు, దెబ్బ తగిలిన దాన్ని చుట్టినట్టు.


నవంబరు 11, సోమవారం

ఈ రోజు తలశ్శేరి. ఆయన్ని కూర్చోబెట్టి వారాల పేర్లు, నెలల పేర్లు అడుగుతుంటారు.


నవంబరు 12, మంగళవారం

డాక్టరు ఏమీ లేదన్నాడట. విలాసిని ఫోన్ చేసి చెప్పింది. "అయినా నాన్న నమ్మడం లేదు. 'డాక్టరు చూసేది వేరు, నాకు తెలిసింది వేరు. నలభై ఒక్కమందిని నేను కాల్చేశాను' అంటాడు."


నవంబరు 15, శుక్రవారం

రాజీవన్‌కి చెప్పాను. మొత్తం. ఆయన అన్నం కలిపిన చెయ్యి అలాగే పెట్టుకుని విన్నాడు.

"పిడుగుగానే ఉండనీరాదూ? ఇప్పుడు చెప్తే ఆ ముసలాయన రాసింది తిరిగొస్తుందా?"

"రాదు."

"మరి?"

"ఆయన ఫ్రిజ్ ప్లగ్గు పీకుతున్నాడు" అన్నాను. అంతకంటే చెప్పడం చేతకాలేదు. రాజీవన్ చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆదివారం నాకు పని లేదు. నీతో రానా?" అన్నాడు. వద్దన్నాను.


నవంబరు 17, ఆదివారం

వెళ్ళాను.

వరండాలో కూర్చున్నాడు. పత్రిక ఒళ్ళో ఉంది కానీ చదవడం లేదు. నన్ను చూసి కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నాణువేట్టా, పిడుగుకి మీ రాతలు పోలేదు. నేను తుడిచేశాను. మీరు రాకముందే, ఆదివారం కూర్చుని. దాచాననుకున్నాను, దాచలేదు. పిడుగు పడ్డాక శుక్రవారం కూడా మిషను బాగానే ఉంది. మీకు అబద్ధం చెప్పాను."

ఇంటి నుంచి ఇవే మాటలు అనుకుంటూ వచ్చాను. అందుకే ఒక్క గుక్కలో వచ్చేశాయి. ఆయన నా ముఖంలోకి చూశాడు. కన్ను ఇప్పుడు బాగా ఆనుతోంది.

"శుక్రవారం నువ్వు వచ్చేసరికి ప్లగ్గు ఎలా ఉంది?"

"పీకే ఉంది. తీగ చుట్ట చుట్టి బల్ల మీద పెట్టారు."

"చుట్ట చుట్టి."

"అవును."

ఆయన లేచాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోపలికి తిరిగి గట్టిగా, "విలాసినీ! విలాసినీ!" అని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "పీకానే! ఆ రోజు నేను ప్లగ్గు పీకాను! తీగ చుట్ట కూడా చుట్టాను!" అన్నాడు. ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. కళ్ళల్లో నీళ్ళు కారిపోతున్నాయి, ఆపరేషన్ కన్నుతో సహా. విలాసిని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆమెకి అర్థమైంది. నా వైపు చూసిన ఆ చూపు గురించి ఇక్కడ రాయను.

కాసేపటికి ఆయన మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది కోపం. అరవలేదు.

"నెల రోజులు. నెల రోజులు నన్ను నేను తిట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు."

"చూశాను."

"నేను రాకముందే ఎందుకు తుడిచావు? ఆగమన్నాను కదా?"

దీనికి జవాబు తయారు చేసుకుని వెళ్ళలేదు. తనిఖీ అందామనుకున్నాను. తనిఖీ ఇరవై ఆరున. ఆయన ఇరవై నాలుగున వచ్చాడు. రెండు రోజులు చాలు.

"మీరు రోజూ ఆ కుర్చీలో కూర్చుంటే నాకు విసుగు. సాయంత్రం ఆరింటికి నాకు మిషను కావాలంటే మిమ్మల్ని బతిమాలాలి. మీరు లేనప్పుడు అది నాదిగా ఉంటుందనిపించింది."

అది నిజమని నోట్లోంచి వచ్చాకే నాకు తెలిసింది.

"అందులో మీ అమ్మ మాటలు ఉన్నాయి. పదిహేడోది. ఎప్పుడైనా చదివావా?"

చదవలేదు.

"వెళ్ళు ప్రసీతా. మళ్ళీ రాకు."


నవంబరు 18, సోమవారం

పదిహేడోది మా అమ్మది. ఇన్నాళ్ళూ ఇక్కడ రాయలేదు.

అమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమె నాణువేట్టన్‌కి చెప్పిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో చేపలు కడుగుతున్నాను. వరండాలో అమ్మ నవ్వడం వినిపించింది. ఏం చెప్పి నవ్విందో తర్వాత చదువుదాంలే అనుకున్నాను. కంప్యూటర్‌లోనే ఉంది, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ప్రతిరోజూ దాని ఎదురుగానే కూర్చునేదాన్ని.


నవంబరు 24, ఆదివారం

కార్యవర్గం సమావేశంలో చెప్పేశాను. తొమ్మిదిమంది ఉన్నారు. నాణువేట్టన్ రాలేదు.

భరతన్ దగ్గి, "ఇప్పుడు నివేదికలో పిడుగు అని రాసేశాం కదా. పైకి పంపించాం కూడా. పిడుగుగానే ఉంచుదాం" అన్నాడు. ఒకాయన, "పిడుగుకి అభ్యంతరం లేకపోతే మనకెందుకు" అన్నాడు. ఇద్దరు నవ్వారు. నేను నివేదిక తిరగరాసి తెచ్చాను. సంతకం పెట్టమన్నాను. రాజీనామా కాగితం కూడా దాని కింద పెట్టాను.

రాజీనామా తీసుకోలేదు. "నువ్వు మానేస్తే ఆ మిషను ఎవరు నడుపుతారు?" అన్నాడు భరతన్. మానేయడమే శిక్ష అయ్యుంటే బాగుండేది. తిరగరాసిన దాని మీద మాత్రం సంతకం పెట్టాడు, అయిష్టంగా.

నలభై ఒక్కమందిలో ఇంకా ఎంతమంది బతికి ఉన్నారో సభ్యుల పుస్తకం ముందేసుకుని చూశాను. తొమ్మిదిమంది. కొత్త నోటు పుస్తకం కొన్నాను. నాణువేట్టన్ చేసిన పని నా చేతనవుతుందని కాదు. ఏమీ చేయకుండా ఆ మిషను ముందు కూర్చోలేకపోతున్నాను.


డిసెంబరు 1, ఆదివారం

మొదట దేవువేడత్తి దగ్గరికి వెళ్ళాను. అసలు పేరు దేవకి, ఎనభై మూడేళ్ళు. కంపెనీలో అమ్మ పక్కనే కూర్చుని ఇరవై ఏళ్ళు చుట్టింది. ఇప్పటికీ మాట్లాడుతుంటే బొటనవేలూ చూపుడువేలూ ఊరికే కదులుతుంటాయి.

"ఇదంతా నాణుకి చెప్పానే. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా రాసుకున్నాడు. ఏం చేశారు దాన్ని?"

"నేను పోగొట్టాను ఏడత్తీ." ఈ మాట ఇంకా ఎనిమిది ఇళ్ళల్లో చెప్పాలి.

తిడుతుందనుకున్నాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పమంది. చెప్పాను. "మొత్తం పోయిందా? నేను చెప్పింది కూడా?" అంది. అవునన్నాను. ఆవిడ ముఖంలో కనిపించింది బాధ కాదు. అదేమిటో అప్పుడు నాకు తెలియలేదు.

"తలుపు దగ్గరికి వెయ్యి" అంది.

వేశాను.

"నాణుకి నేను అబద్ధం చెప్పానే. ఆ పెద్ద సమ్మె లేదూ, మూడు నెలలది? అందరితో పాటు నేనూ బీడీ ఆకు ముట్టుకోలేదని చెప్పాను. ముట్టుకున్నాను. పందొమ్మిది రోజులు తలుపులేసుకుని ఇంట్లో కూర్చుని యజమానికి చుట్టి పంపాను. చంకలో పిల్లకి పాలు లేవు, ఏం చెయ్యను? మీ అమ్మకి తెలుసు. ఒకరోజు పెరటి గుమ్మంలోంచి వచ్చి చూసేసింది. ఏమీ అనలేదు. కూర్చుని తనూ నాలుగు కట్టలు చుట్టి, పిల్లని ఆడించి వెళ్ళిపోయింది. చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు."

నేను రాసుకోవడం మర్చిపోయాను.

"నాణు నా ఎదురుగా కూర్చుని అడిగితే ఎలా చెప్తాను? సంఘం నడిపిన మనిషి. ప్రతి మే నెలలోనూ వేదిక ఎక్కి దేవకి ఆకు ముట్టుకోలేదు అని నా పేరు చెప్తాడు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. ఎన్నేళ్ళు కొట్టానో. పోనీలే, అది పోవడమే మంచిదైంది. ఇది రాసుకో. కానీ నాణుకి చూపించకు."

నాలో ఏదో తేలికైంది. వెంటనే సిగ్గేసింది. ఒక అబద్ధం పోయింది సరే, దాంతో పాటు నలభైమంది చెప్పుకున్నది పోయింది. ఇందులో నేను సంతోషించడానికి ఏమీ లేదు. ఇది నాకు నేను గట్టిగా చెప్పుకోవాలి, రేపు మరిచిపోకుండా.

"చూపించకుండా ఉండలేను ఏడత్తీ" అన్నాను. "ఆయన దగ్గర ఇంకేదీ దాచలేను. రాయొద్దంటే రాయను."

ఆవిడ వేళ్ళు కాసేపు గాలిలో చుట్టాయి.

"అయితే నేనే చెప్తాను. వచ్చే ఆదివారం రమ్మను. నువ్వూ ఉండు. ఒక్కదాన్నే అయితే మళ్ళీ అబద్ధమే వస్తుంది నాకు."


డిసెంబరు 4, బుధవారం

మూడు రోజులు ఆయన గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మళ్ళీ రాకు అన్నాడు కదా. ఈ రోజు సాయంత్రం గేటు తీయకుండా బయటే నిలబడి పిలిచాను.

వరండాలోకి వచ్చాడు. ఒళ్ళో కాదు, చేతిలో పత్రిక ఉంది. మడత విప్పి ఉంది. దూరం నుంచే, "ఏం?" అన్నాడు.

"దేవువేడత్తి మిమ్మల్ని రమ్మంటోంది. ఆదివారం. తను మీకు చెప్పినదాంట్లో ఒక అబద్ధం ఉందట. మీకే చెప్తానంటోంది."

"దేవకియా? అబద్ధమా?"

"అవును."

"ఒక్క అక్షరం మార్చకుండా రాశానే ఆవిడ మాట." మెట్లు దిగి రెండడుగులు వచ్చాడు. "ఏ సంగతిలో?"

"నాకు తెలుసు. కానీ ఆవిడే చెప్తానంది."

గేటుకి అవతల నిలబడ్డాడు. నేను ఇవతల. పత్రికని మడిచాడు, విప్పాడు. ఎన్నేళ్ళుగానో చదువుతున్న కాగితంలో కొత్త వాక్యం కనపడ్డట్టు ఆయన నుదురు ముడిపడింది. నన్ను క్షమించినట్టు ఏమీ లేదు. నా ముఖం వైపు చూడనే లేదు.

"ఆదివారం ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"నువ్వు ముందు వెళ్ళు. నీతో కలిసి నడవను. నా దారిన నేను వస్తా."

సరే అన్నాను.